నేను తిరగరాసిన మూడో అధ్యాయం

కరోనా తరవాత కాలేజీలు మళ్ళీ తెరిచిన రెండేళ్ళకు, జూలైలో, నన్ను ‘లాంగ్వేజ్ సపోర్ట్ సెల్’ ఇన్‌చార్జిగా వేశారు. ఖరగ్‌పూర్ పొలిమేరలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ అది. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా అక్కడ ఇంగ్లీషు చెబుతున్నాను, హోదా అసోసియేట్ ప్రొఫెసర్. ఆర్డరులో హోదా మార్చలేదు, పని మార్చారు. ఇంగ్లీషు డిపార్ట్‌మెంటు బోర్డు పీకేసి మా ముగ్గురినీ లైబ్రరీ వెనక గదిలో కూర్చోబెట్టారు. ఇకమీదట పాఠాలు చెప్పనక్కర్లేదట. ఎం.టెక్. పిల్లల థీసిస్‌లు ‘పాలిష్’ చేసి పెడితే చాలట. బూట్లకు వాడే మాటే మాకూ వాడారు. ఒళ్ళు మండిపోయింది. అయినా వెళ్ళి కూర్చున్నాను.

థీసిస్ మా గదికి వచ్చిన నాలుగు పనిదినాల్లో భాష సరిచేసి, అవసరమైతే తిరగరాసి, సరిగా ఉందని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలని డీన్ సంతకంతో సర్క్యులర్ వచ్చింది. ఆ సర్టిఫికెట్ లేకపోతే వైవా, అంటే పరీక్షకుల ఎదుట కూర్చుని జవాబులు చెప్పే చివరి పరీక్ష, జరగదు. పూర్వం నా పద్ధతి వేరు. పిల్లలు చిత్తుప్రతి చేత్తో రాసి తేవాలి. తప్పుల కింద ఎర్రగీత గీసి వెనక్కిచ్చేదాన్ని. దిద్దుకోవడం వాళ్ళ పని. ఒక్కో కాగితం మూడు నాలుగుసార్లు తిరిగేది. నాలుగు రోజుల్లో అదెక్కడ కుదురుతుంది?

ఆ ఏడాది వచ్చినవాళ్ళలో గౌరి ఒకతె. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ అమ్మాయి. తండ్రి రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. మా నాన్న కూడా అదే వర్క్‌షాపులో రిటైరయ్యాడు. వెల్డింగ్ అతుకుల్లో పగుళ్ళు ఎందుకు వస్తాయన్నది ఆమె థీసిస్. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగం ఇస్తామంది, ఆ నెలాఖరుకు వైవా పూర్తయితేనే. పాత అలవాటు కొద్దీ చిత్తుప్రతి తెమ్మన్నాను, తెచ్చింది. ఎర్రగీతలు గీశాను. గడువు ముంచుకొచ్చేసరికి మూడో అధ్యాయం మాత్రం వెనక్కివ్వకుండా నేనే కూర్చుని మొత్తం తిరగరాశాను. నున్నగా వచ్చింది. లోపల్లోపల మురిసిపోయాను కూడా.

వారం తిరక్కుండానే కాలేజీ కొత్తగా కొన్న సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుంది. రాత మనిషిదో యంత్రానిదో చెప్పే సరుకట అది. మూడో అధ్యాయం యంత్రం రాసిందని తేల్చేసింది. వైవా ఆపేసి విచారణ కమిటీ వేశారు. గౌరి పరుగున నా గదికి వచ్చింది.

“ఏటి మేడమ్ ఇది? రాసింది నాను, దిద్దింది మీరు. మద్దెలో మిషను ఎక్కడినుంచి వచ్చినాది?”

నా దగ్గర జవాబుంది. లేచి నేరుగా డీన్ గదికి వెళ్ళి, ఆ వాక్యాలన్నీ నావేనని చెప్పాను. ఆయన తాపీగా టీ తాగుతూ, అలాగైనా భాష విద్యార్థిది కాదు కదా, ఫలితం ఒకటే అన్నారు. నాకు సర్వీసు ఎనిమిది నెలలే ఉందని గుర్తు చేసి, “ఛేడే దిన్ దీదీ” అన్నారు బెంగాలీలో. వదిలేయమని. తిరగరాయమని సర్క్యులర్ ఇచ్చింది వీళ్ళు. రాస్తే నేరమంటున్నదీ వీళ్ళే. శిక్ష మాత్రం ఆ పిల్లకు! ఉద్యోగంలో మొట్టమొదటిసారి పై అధికారి బల్ల మీద చరిచాను.

కమిటీ ముందు సర్క్యులర్, ఎర్రగీతల చిత్తుప్రతి, నా రాతపూర్వక వాంగ్మూలం పెట్టాను. వాక్యాలు నావి, ప్రయోగాలూ ఆలోచనా ఆమెవి అని రాశాను. మూడో అధ్యాయం సారాన్ని గౌరి చేత అక్కడే రాయించమని కోరాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. గంటన్నరలో రెండు పేజీలు రాసింది. ఇంగ్లీషు కుంటుతూనే ఉంది. కానీ వానాకాలంలో వెల్డింగ్ రాడ్లు తడి పీల్చుకుంటాయని, వాటిని ఓవెన్‌లో ఆరబెట్టకుండా వాడితే అతుకు పక్కన పగులు పుడుతుందని, అది మర్నాటికి గాని కంటికి కనబడదని రాసింది. తండ్రి చెబితే విని, తను ప్రయోగం చేసి చూసిన సంగతి అది.

కమిటీలో ఉన్న మెకానికల్ ప్రొఫెసర్ ఆ కాగితం రెండుసార్లు చదివారు. ఇంత ముఖ్యమైన మాట థీసిస్‌లో లేదేమని అడిగారు. గౌరి తలదించుకుంది. నా పేరు చెప్పలేదు. చిత్తుప్రతి తిప్పి ఆ చోటు నేనే చూపించాను. వాక్యం వంకరగా ఉందని, పేరాలో ఇమడలేదని తిరగరాసేటప్పుడు నేనే కొట్టేశాను.

మూడో అధ్యాయాన్ని ఆమె సొంత మాటల్లో మళ్ళీ పెట్టమన్నారు. ఆ నెలలోనే వైవా అయింది, ఉద్యోగమూ వచ్చింది. నాకు ‘విధుల పరిధి దాటినందుకు’ మెమో వచ్చింది. సర్క్యులర్ మీద సంతకం పెట్టిన డీన్‌కు ఏమీ రాలేదు. ఆ తరవాత ఏ థీసిస్‌నూ నేను తిరగరాయలేదు. ఎర్రగీతలు గీసి వెనక్కిచ్చాను, గడువులు దాటాయి, ఇంకో రెండు మెమోలు వచ్చాయి. మూడు మెమోలతో రిటైరయ్యాను.

తప్పు చూపించి కాగితం వెనక్కివ్వడం వరకే టీచరు పని. అంతకు మించి చేయమని ఎంత పెద్దవాడు ఆర్డరు వేసినా చేయకూడదు. యాజమాన్యం మీదా, సాఫ్ట్‌వేర్ మీదా నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. అయితే తడి రాడ్ల సంగతి కొట్టేసిన చెయ్యి మాత్రం నాది.