ఎదువీహిస్ అత్త ఉప్పుచేతులు

మా మేనత్త ఎదువీహిస్ చేతులు చలికాలమంతా పగిలే ఉండేవి. ఊళ్ళో ఏ ఇంట పందిని కోసినా వెనక తొడలకు ఉప్పు పట్టించడానికి ఆమెనే పిలిచేవాళ్ళు. ఎముక పక్కన నరంలో నిలిచిన రక్తాన్ని బొటనవేళ్ళతో పిండేసి, తొడను ఉప్పులో పాతేది. తర్వాత అది ఏళ్ళ తరబడి నేలమాళిగలో వేలాడి హామోన్ అనే ఎండుమాంసం అవుతుంది. తెల్లపందిదైనా, ధాన్యం తిన్న నల్లపందిదైనా, అడవిలో ఓక్ కాయలు మేసిన నల్లడెక్కల పందిదైనా, ఆమె చేతి కింద ఏదీ చెడలేదు.

చెడింది ఊళ్ళో పెద్ద ఆసామి దోన్ బల్దొమేరో ఇంట్లో. తర్వాత కోసిన పందులకు చోటు చాలక, ముందువాటి తొడలను ఉప్పులోంచి తొందరపడి తీయించాడు. "ఇంకా ఉండాలండీ" అని అత్త మొత్తుకుంది. వినలేదు. ఎండలు ముదిరేసరికి ఎముక దగ్గర కుళ్ళింది. ఆదివారం చర్చి మెట్ల మీద అందరూ వినేలా అన్నాడు: "ఎదువీహిస్ ముట్టులో ఉండి ముట్టుకుంది. ఇంకేం మిగులుతుంది?"

మా కొండల్లో ఆ మాట చాలు. ముట్టులో ఉన్న ఆడది తాకితే పచ్చిమాంసానికి ఉప్పు పట్టదని మా వాళ్ళ నమ్మకం. అత్తను మళ్ళీ ఏ ఇంటివాళ్ళూ పిలవలేదు. అయ్యో పాపం అన్నవాళ్ళూ పిలవలేదు. చెస్ట్‌నట్ కాయలు ఏరే కూలికి పోయేది. ముళ్ళు గుచ్చుకుని వేళ్ళు వాచేవి.

"పోనీలేవే, వాడితో మనకెందుకు?" అనేవాడు మా నాన్న.

"నేనేమన్నానురా? కాయలేరుకుంటున్నాగా."

ఓక్ చెట్లు విరగకాసే ఏడాది కోసం ఆమె కాచుకుని ఉందని మాకెవరికీ తెలియలేదు.

ఆ ఏడాది వచ్చింది. కడుపునిండా ఓక్ కాయలు మేసిన పందుల తొడలకే అన్నిటికన్నా ఎక్కువ ధర. జనవరిలో, బల్దొమేరో పెరట్లో ఆడవాళ్ళు రక్తం, ఉల్లిపాయలు కలిపి పేగుల్లో కూరుతున్నారు. సెవిల్లా నగరం నుంచి కొనడానికి వచ్చిన వర్తకుడు సారా గ్లాసు పట్టుకుని, బల్ల మీద వరసగా పేర్చిన తొడలను మురిపెంగా చూస్తున్నాడు. అత్త చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చింది. ఎవరూ తేరుకోకముందే ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒక్కో తొడనూ ఉప్పుతో రుద్దేసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావే?" బల్దొమేరో పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టులో ఉన్నాను, బల్దొమేరో. నిన్ననే మొదలైంది. ఇక వీటిని లోయలో పారేయించు," అని పెరడంతా వినపడేలా అరిచింది. దోన్ అనకుండా, నువ్వు అంటూ ఆమె అతన్ని పిలవడం అదే మొదలు.

బల్దొమేరో తల్లి కుర్చీలోంచే శిలువ గుర్తు వేసుకుంది. "పారేయించరా! ఇల్లు గుల్లవుతుంది!"

"ఏమిటిది? నా సరుకు చెడుతుందా?" వర్తకుడు గ్లాసు కింద పెట్టాడు.

"చెడదు, చెడదు... ఆడాళ్ళ పిచ్చి మాటలండీ అవి."

"అయితే ఆ ఏడాది ఎందుకు చెడ్డాయి?" అంది అత్త.

పేగులు కూరే చేతులన్నీ ఆగిపోయాయి.

"తొందరగా తీయించాను," అన్నాడు గొణుగుతూ.

"మీ అమ్మకు చెవుడు. గట్టిగా."

"నేనే తొందరపడి తీయించానే! చాలా?"

"చాలదు. చర్చి మెట్ల మీద కూడా చెప్పు."

ఆదివారం చెప్పాడు. మర్నాడే ఇద్దరు ముగ్గురు మా గుమ్మం తొక్కారు. "నేను ముట్టులో ఉన్నానేమో, అడిగారా?" అని ఒక్కొక్కరినీ నిలబెట్టి ఏడిపించింది. ఆ తర్వాతే పనికి వెళ్ళింది.

బల్దొమేరో నేలమాళిగ కిటికీలు మా ఇంటికి ఎదురుగానే ఉంటాయి. ఆ తొడలు వేలాడినన్నాళ్ళూ అతను పొద్దున్నే ఎముకపుల్లతో ఒక్కోదాన్నీ గుచ్చి వాసన చూసేవాడు. ఆమె ముట్టుకున్నాక మాంసం బాగుంటుందని అతనికే నమ్మకం లేదు. ఆ దిగులుతోనే అతని జుట్టు నెరిసింది. అత్త వాకిట్లో కూర్చుని బఠాణీలు వలుస్తూ చూసేది.

చివరికి వర్తకుడొచ్చి, పుల్ల గుచ్చి, వాసన చూసి, అన్నీ అమృతమన్నాడు. బల్దొమేరో మా వాకిట్లోకి వచ్చాడు.

"చెడలేదే, ఎదువీహిస్!"

"చెడతాయని నేనెప్పుడన్నాను? అన్నది నువ్వేగా," అని అత్త మళ్ళీ బఠాణీల మీద పడింది. కూర్చోమనలేదు.