జాబితాలో లేని వనపర్తి అక్క

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఈ లోకంలో లేదు. డిప్లొమా చేతికొచ్చి నాలుగు నెలలు, గద్వాలలో ఒక పత్తి విత్తనాల కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం, మెడలో ఫోటో ఉన్న కార్డు (సినిమాకు వెళ్లినా దాన్ని తీసేవాణ్ణి కాదు). ఇప్పుడు ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ‘నాకేమీ తెలియదు’ అనుకునే మొదలుపెడతాను. ఆ బుద్ధి నాకు ఒక్క ఉదయంలో వచ్చింది.

మా కంపెనీకి వనపర్తిలో చిన్న ఆఫీసు ఉండేది. అక్కడి అక్క రోజూ వీపనగండ్ల నుంచి బస్సులో వచ్చి, పరీక్షకు పెట్టిన విత్తనాల్లో ఎన్ని మొలిచాయో రాసి, తన కంప్యూటర్లో మా కోసం తెరిచి ఉంచిన ఫోల్డరులో పెట్టాలి. గద్వాలలో నేను దాన్ని తెరిచి పెద్దసారుకు చూపించాలి. రెండు ఆఫీసులనూ కలుపుతూ కొత్తగా రూటర్లు బిగించారు. నేను దర్జాగా నెట్‌వర్క్ గుర్తు మీద నొక్కాను. మా ఆఫీసులోని ఆరు కంప్యూటర్లూ బుద్ధిగా వరుసలో కనిపించాయి. వనపర్తిది మాత్రం లేదు.

ఫోన్ చేస్తే అక్క, “ఆన్ చేసే ఉంచిన తమ్మీ. ఫైలు గూడ పెట్టిన. నువ్వే జర మంచిగ చూడు” అంది. నాకు ఒళ్లు మండింది. చూడటం నాకే నేర్పుతుందా? షేరింగ్ తీసి పెట్టాను, ఫైర్‌వాల్ ఆపి చూశాను, పాపం నా కంప్యూటర్‌ను ఎన్నిసార్లు పడుకోబెట్టి లేపానో లెక్కలేదు. ప్రతిసారీ ఆరే. వారం ఇలాగే గడిచాక పెద్దసారు, “ఏందయ్యా, ఆమె పని చేస్తున్నదా లేదా?” అని గద్దించాడు. నేను కాగితం తీసుకుని ‘వనపర్తి కంప్యూటర్ నెట్‌వర్క్‌లో లేదు, ఆన్ చేయడం లేదు’ అని రాసి, కింద పొడుగాటి సంతకం పెట్టి ఇచ్చాను. మర్నాటికల్లా అక్కను నాగర్‌కర్నూలుకు మార్చే ఉత్తర్వు టైపయింది. ఇద్దరు పిల్లలను బడికి పంపి బస్సెక్కే మనిషి ఆమె. అక్కడికైతే రెండు బస్సులు మారాలి, పిల్లలు లేవకముందే ఇల్లు కదలాలి. సోమవారం పెద్దసారు సంతకం చేయడమే తరువాయి.

ఆ సోమవారం ఉదయమే రూటర్లు బిగించిన పెద్దమనిషి వేరే పని మీద వచ్చాడు. నా గొప్ప పరిశోధన అంతా విని, చాయ్ ఊదుకుంటూ, “గా లిస్టుల వనపర్తి ఎట్లొస్తది సారూ? మన కంప్యూటరు కేకేస్తె మన ఆఫీసుల ఉన్నయే పలుకుతయి. నడుమ రూటరున్నదాయె, కేక దాటదు. మనూర్ల చాటింపేస్తె పక్కూర్ల వినపడ్తదా? దాని ఐపీ నెంబరు కొట్టు, సక్కగ పోతది” అన్నాడు.

ఆయన చెప్పిన నెంబరు కొట్టాను. ఫోల్డరు తెరుచుకుంది, నా నోరు కూడా. వారం రోజుల మొలకల లెక్కలు తారీఖులవారీగా ఉన్నాయి. ఒక్కో దాని పక్కన ఒక ఖాళీ ఫైలు, దాని పేరే చీటీ: ‘తమ్మీ ఇయ్యాలది పెట్టిన’, ‘నిన్నటిది చూసినవా’, ‘పరేషాన్ గాకు దొరుకుతది’. నేను ఆమె మీద కాగితం రాసిచ్చిన రోజుది కూడా ఉంది: ‘సారు తిట్టిండంట గద, టైముకు తిను’. సిగ్గుతో చచ్చిపోయాను.

పెద్దసారు గదిలోకి పరుగెత్తేసరికి పెన్ను మూత తీసి ఉంది. “తప్పు నాది సార్, ఆమెది కాదు” అన్నాను, ఇంకేమీ తోచక. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఉత్తర్వు చింపి, నా చేత ఇంకో కాగితం రాయించాడు (ఈసారి సంతకం పొట్టిగా వచ్చింది). తర్వాత అక్కకు ఫోన్ చేశాను.

“మాఫ్ చెయ్యక్కా. లిస్టుల కనపడకపోతె, నువ్వు ఆన్ చేస్తలేవని రాసిన.”

అక్క, “నా లిస్టుల నువ్వు గూడ కనపడలె తమ్మీ. నేను గట్ల రాసిన్నా?” అంది.

ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఫోటోలో కాలరెగరేసి నవ్వుతున్న కుర్రవాణ్ణి చూస్తే ఇప్పుడు కోపం రాదు. ‘ముందు ఆ అక్కను కంప్యూటర్ నెంబరు అడగరా నాయనా’ అని వాడికి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేరకం కాదు వాడు.