లావోస్ వెళ్లేవారికి నా సూచనలు, సాయవ్వ కత్తెర సంగతి

కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసినవాడికి దయ్యాల భయం ఉంటే ఉద్యోగం సాగదు. తూములు, శ్మశానాలు, పాడుబడ్డ పంపుహౌసులు అన్నీ నా దారిలోనే ఉండేవి. ఎవరైనా ఏదో కనిపించిందని చెబితే, వెలుతురు ఎటువైపు నుంచి పడిందని అడిగేవాణ్ణి. రిటైరై ఎల్లారెడ్డిలో ఉంటున్నా ఆ గుణం పోలేదు. కుర్రతనం నుంచి డైరీ రాస్తున్నాను. అందులో ఎండ, వాన, కలిసిన మనుషులు తప్ప వింతలేవీ లేవు. ఒక్క లావోస్ ప్రయాణం తప్ప.

కామారెడ్డిలోని పెన్షనర్ మిత్రులు కొందరు ఈ చలికాలం లావోస్ చూసి రావాలనుకుంటున్నారు. "నువ్వు పోయొచ్చినవు గదా, ఏమేం చూసుకోవాల్నో జర రాసియ్యి" అని అడిగారు. రాయడానికి కూర్చుంటే, సూచనలు మాత్రమే రాసి అసలు జరిగింది వదిలేయడం నాకు సరిగా తోచలేదు. అందుకని రెండూ రాస్తున్నాను.

ముందు మేం ఎందుకు వెళ్లామో చెప్పాలి. నా భార్య బాలమణి, మా తమ్ముడి భార్య సాయవ్వ కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టారు. ఒళ్లో చేట, చేటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో తునికాకు. బతుకమ్మ పండుగకు పాట ఎత్తేది బాలమణి, అందుకునేది సాయవ్వ.

నిరుడు వానాకాలం సాయవ్వకు జ్వరం ముదిరితే కామారెడ్డి ఆస్పత్రిలో చేర్చాం. మంచం మీద పడుకుని కూడా ఆకు కత్తిరిస్తున్నట్టు వేళ్లు ఆడించేది. "నా కత్తెర ఏది? నా కత్తెర తేండ్రి" అని అందరినీ అడిగేది. జ్వరంలో మాట అనుకున్నాం. ఆమె తిరిగి ఇంటికి రాలేదు. తరువాత మా తమ్ముడు వెతికితే ఆ కత్తెర ఇంట్లో కనిపించలేదు. ఆ దుఃఖంలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అప్పటి నుంచి బాలమణి మాట మానేసింది. అడిగితే ఔను, కాదు. పెడితే తింటుంది, లేకపోతే లేదు. బతుకమ్మ నాడు గుంపు చివర కాసేపు నిలబడి, పాట ఎత్తకుండానే ఇంటికి వచ్చేసింది. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి ఒంట్లో ఏ జబ్బూ లేదన్నారు.

గాంధారిలో ఉండే మా చెల్లెలి కొడుకు శ్రీను దుబాయిలో వంట నేర్చి, ఇప్పుడు లావోస్‌లో లువాంగ్ ప్రబాంగ్ అనే ఊళ్లో ఒక ఇండియన్ హోటల్లో పనిచేస్తున్నాడు. అత్త సంగతి తెలిసి ఫోన్ చేశాడు. "ఇక్కడికి తీస్కరా మామ. ఈ ఊరు జూస్తే రాయి గూడ మాట్లాడ్తది" అన్నాడు. ఊరు చూడాలన్న కోరిక నాకు లేదు. నా భార్య మళ్లీ మాట్లాడితే చాలు. అందుకే బయలుదేరాం.

ఇక సూచనలు. చలికాలంలోనే వెళ్లండి. ఎండలు మొదలయ్యే రోజుల్లో అక్కడ కొండపొలాలు కాలుస్తారు, పొగకు కళ్లు మండుతాయి. మాకు వీసా అక్కడ దిగాకే ఇచ్చారు, కానీ నియమాలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు కనుక్కోండి. పాస్‌పోర్టు ఫోటోలు, మడతలు పడని డాలర్ నోట్లు దగ్గర ఉంచుకోండి. పచ్చడి సీసాలు, కత్తెరలు చేతిసంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. మా రెండు పెద్ద బ్యాగులూ నేనే సర్దాను. ఏ వస్తువు ఏ మూలన ఉందో కళ్లు మూసుకుని చెప్పగలనని అప్పుడు నా ధీమా.

గుడిలోకే కాదు, ఇళ్లలోకీ చెప్పులు విడిచే వెళ్లాలి. చిన్నపిల్లలు ఎంత ముద్దొచ్చినా వాళ్ల తల నిమరకండి. కాళ్లు ఎవరివైపూ చాపకండి. అన్నం బంకగా ఉంటుంది, వెదురుబుట్టలో ఇస్తారు, చేత్తోనే తినాలి. మనకు ఇందులో కొత్తగా నేర్చుకునేదేమీ లేదు. శాకాహారులు మాత్రం జాగ్రత్త. చేపల నుంచి తీసిన ఉప్పు రసం చాలా కూరల్లో పడుతుంది, వద్దని ముందే చెప్పించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, గొంతు తగ్గించండి. హారన్ మోగని బజారు నేను మొదటిసారి చూసింది అక్కడే. పొద్దున్నే బౌద్ధ సన్యాసులు వరుసగా నడిచి వస్తుంటే, వీధి పక్కన మోకాళ్ల మీద కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరి పాత్రలో చిటికెడు అన్నం వేస్తారు. ఎవరూ మాట్లాడరు. అది చూడాలంటే దూరంగా నిలబడి చూడండి, వాళ్ల ముఖాల ముందు సెల్‌ఫోన్ పెట్టకండి. పేద దేశం అంటారు గాని, అంత మర్యాద నేను ఇంకెక్కడా చూడలేదు.

శ్రీను పనిచేసే హోటల్ యజమాని లావోస్ మనిషే. మమ్మల్ని ఇంటికి పిలిచి, ఒక పొద్దున 'బాసి' చేయించాడు. కొత్తగా వచ్చినవారికి, జబ్బుపడి లేచినవారికి వాళ్లు చేసే వేడుక అది. మనిషిలో ముప్పై రెండు ప్రాణాలు ఉంటాయని, దూరప్రయాణంలోనో భయంలోనో కొన్ని ఒంటిని వదిలి ఎక్కడో తిరుగుతుంటాయని వాళ్ల నమ్మకం. వాటిని పేరుపేరునా వెనక్కి పిలిచి, మళ్లీ పోకుండా మణికట్టుకు తెల్ల నూలుదారం కడతారు. మధ్యలో అరటాకులతో, బంతిపూలతో గోపురంలా పేర్చి పెడతారు. చూడగానే నాకు బతుకమ్మ అనిపించింది. బాలమణి కూడా దానివైపే చూస్తూ కూర్చుంది.

ఆ ప్రాణాలను పిలిచేది యజమాని తండ్రి. పళ్లు లేని నోరు, మెత్తటి గొంతు. చాలాసేపు రాగం తీసి చదివాక, ఉన్నట్టుండి ఆగి బాలమణిని చూశాడు. ఏదో అన్నాడు. శ్రీను తెలుగులో చెప్పాడు.

"అత్తదొక పాణం రాలేదంట మామ. ఎవలో ఆడామె కాడ కూసున్నదంట. ఆమె ఒళ్లె చేట ఉన్నదంట. ముంగట ఆకులు పెట్టుకొని ఉత్తచేతులతోని కూసున్నదంట."

బాలమణి కళ్లనుంచి నీళ్లు కారాయి. ముసలాయన ముందుకు వంగి ఆమెతో ఇంకొంచెం మాట్లాడాడు. అది శ్రీను తెలుగులో చెప్పలేదు. ఆమె మాత్రం తల ఊపి "సరే బాపు" అంది. పెద్దాయన మీద గౌరవంతో అని ఉంటుందనుకున్నాను. తరువాత అందరూ వచ్చి మా చేతులకు దారాలు కట్టారు. వాటిని మూడు రోజులైనా ఉంచుకోవాలని, తీసేటప్పుడు కత్తెర వాడకుండా వేళ్లతోనే ముడి విప్పాలని చెప్పారు.

ఆ సాయంత్రం బాలమణి బజారులో అలాంటి పూలగోపురం ఒకటి కొనిపించింది. అది గుళ్లో పెట్టడానికని చెప్పాను. "ఎవలకైన పువ్వులే గదా" అంది. ఎన్నో నెలల తరువాత ఆమె నాకు ఎదురు చెప్పింది. దాన్ని పట్టుకుని మేకాంగ్ నది ఒడ్డుకు వెళ్లింది. కొంగు చాటున కాసేపు దాన్ని సవరించి, ఇసుకలో పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాట ఎత్తింది. ఒడ్డున ఉన్న ఆడవాళ్లు మొదట చూశారు, తరువాత నవ్వుకుంటూ వచ్చి చుట్టూ చేరారు. ఒక్క మాట అర్థం కాకపోయినా అడుగు తప్పలేదు. గుడి పూలతో ఇదేం పని అని ఒక్కరూ అడగలేదు. ఆ జనం మంచితనానికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

చివరికి గోపురాన్ని నీళ్లలో వదిలింది. అరటాకు, పూలు తేలుతూ పోవాలి. ఏది తేలుతుందో ఏది మునుగుతుందో తెలియకుండా నేను కాలువల మీద ఉద్యోగం చేయలేదు. అది మాత్రం నిలువునా మునిగిపోయింది.

"గిదేంది మామ, ఈ దేశం బతుకమ్మకు ఈతనే రాదు!" అన్నాడు శ్రీను.

బాలమణి గట్టిగా నవ్వింది. గదికి తిరిగి వచ్చేదాకా మాట్లాడుతూనే ఉంది. శ్రీను కూరలో ఉప్పు తక్కువ, నా నడక నత్తనడక, ఇలా.

ఇంటికి వచ్చాక నాలోని ఇన్‌స్పెక్టర్ ఊరుకోలేదు. చేట, ఆకులు అన్నీ శ్రీనుకు తెలిసినవే. అత్త కోసం వాడే కల్పించి ఉంటాడనుకుని, ఫోన్‌లో గట్టిగా నిలదీశాను.

"నా తల్లి మీద ఒట్టు మామ, ఆయన జెప్పిందే జెప్పిన. ఆఖరుకు అత్తతోని అన్నది నాకే సమజ్ గాలే, పాత మాటలు. వీడియో తీసిన, కావాల్నంటె చూడు" అన్నాడు.

హోటల్ యజమాని కూతురు బడిలో ఇంగ్లీషు టీచరు. ఆమె ఆ వీడియో చూసి, తాతగారి మాటలన్నీ నాకు ఫోన్‌లో ఇంగ్లీషులో చెప్పింది. శ్రీను చెప్పినదాంట్లో తప్పు లేదు. వాడికి అర్థం కాని ముక్క ఇది: "ఆమె ఆకులు కత్తిరించే వస్తువు నీ దగ్గర ఉంది. దానికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. నీళ్ల దగ్గర ఆమెకు ఇచ్చెయ్యి. తన దగ్గర కూర్చున్న నీ ప్రాణాన్ని ఆమె వదిలేస్తుంది."

సాయవ్వ కత్తెర పిడికి ఎర్ర గుడ్డపేలిక చుట్టి ఉండేది. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

బాలమణి అరుగు మీద పల్లికాయ ఒలుస్తోంది. పక్కన కూర్చుని కత్తెర సంగతి అడిగాను.

"నా కాడనే ఉండె. జ్వరం అచ్చె ముందుగాలనే అడుక్కొని తెచ్చుకున్న. దావకాన్ల అడిగితె పొద్దుగాల తెస్తననుకున్న. తెల్లారేసరికి మనిషే లేకపాయె" అంది. "ఇడిసి రాబుద్ధి గాక, చీర మడతల వెట్టి నీ బ్యాగులనే తెచ్చిన. చెప్తె నువ్వు తీసి పారేస్తుంటివి. ఆ పువ్వులల్ల వెట్టి ఇచ్చేసిన."

"నీళ్లలో ఇవ్వాలని నీకెట్ల తెలిసింది?"

"ఆ బాపు చెప్పిండు గదా. నువ్వు పక్కకే కూసుంటివి."

"ఏ భాషల చెప్పిండు?"

ఆమె ఒలవడం ఆపి నా ముఖంలోకి చూసింది. "మన భాషలనే. నాకు ఇంకే భాష అస్తది?"

ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. మా ఆవిడ అన్న "సరే బాపు" తప్ప, శ్రీను మాటలు తప్ప, అందులో ఒక్క తెలుగు ముక్క లేదు. ఆ పెద్దాయన పెదవులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. దీనికి కారణం ఏమిటో నేను చెప్పలేను. దయ్యం అనడానికి ఇప్పటికీ నోరు రాదు. ఏమీ జరగలేదనడానికీ రాదు.

బాలమణి దారాలు అప్పటిదాకా తీయలేదు, మాసి నల్లబడ్డాయి. ఆ రోజు చెయ్యి చాపి "ఇగ విప్పు" అంది. నీళ్లు తగిలి ముడులు బిగుసుకుపోయాయి, నా చూపు అంతంతమాత్రం. లోపల అల్మారాలో కత్తెర ఉంది. తెస్తానని లేవలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క ముడీ గోటితోనే విప్పాను. అంతసేపూ ఆమె మెల్లగా పాడుతూనే ఉంది.