ఏడుపు ఆపొద్దన్న అక్క

నా చిన్నప్పుడు చందర్లపాడు వైపు మా ఊళ్ళో పేలకు మందంటే పత్తికి కొట్టే పురుగుమందే. డబ్బా అడుగున మిగిలింది పారబోయడం దేనికని, మా నాయనమ్మ ఒకరోజు పొద్దున్నే దాన్ని కొబ్బరినూనెలో కలిపి నా తలకీ, మూడేళ్ళ మా చెల్లి తలకీ పట్టించి గుడ్డ చుట్టింది. ప్రేమతోనే చేసింది, పాపం. అమ్మానాన్నలు అప్పటికే చేలోకి వెళ్ళిపోయారు.

కాసేపటికి నాకు కడుపులో మెలిపెట్టింది. వీధి అదిరేలా ఏడ్చాను. నాయనమ్మ నా చుట్టూనే తిరిగింది, దిష్టి కూడా తీసింది. చెల్లి మాత్రం అరుగు మీద ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంది. బంగారుతల్లి, అల్లరి చెయ్యకుండా నిద్రపోయిందని మురిసిపోయాం.

నా గోలకి పక్కింటి అక్క వచ్చింది. అంతకుముందు ఏడాది మిరపతోటలో మందు కొడుతూ తన తమ్ముడు పడిపోతే ఆసుపత్రిలో వాడి పక్కనే ఉన్న మనిషి. నన్ను దాటుకుని నేరుగా చెల్లి దగ్గరికి వెళ్ళింది. నాకు ఉక్రోషం వచ్చింది. చెల్లి నోటి వెంట చొంగ ధారగా కారుతోంది, ఒళ్ళంతా చెమట. అక్క రెప్ప ఎత్తి చూసింది. నీడలో పెద్దదిగా ఉండాల్సిన కంటిపాప ఆవగింజంత అయిపోయింది.

"ఇది నిద్ర కాదు మామ్మగారూ, మందు ఒంట్లోకి దిగింది" అంది.

నాయనమ్మ ఉప్పునీళ్ళు తాగించబోతే, "మగతలో ఉందండీ, గొంతుకి అడ్డం పడుద్ది, ఏం పొయ్యమాకండి" అని చెంబు లాగేసుకుంది. మా ఇద్దరి బట్టలూ విప్పి, తలలు సబ్బుతో రుద్ది కడిగి, పాతచీర చుట్టింది. రోడ్డుకి అడ్డంగా నిలబడి బస్సు ఆపి, అందరినీ నందిగామ ఆసుపత్రికి చేర్చింది.

అక్కడ ముందు చెల్లిని లోపలికి తీసుకుపోయారు, నాయనమ్మ దాని వెంటే వెళ్ళింది. అక్క నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి, "నువ్వు ఏడుస్తానే ఉండు. నీ ఏడుపు వినపడినంతసేపు నాకు ధైర్యం. చెల్లి ఏడవట్లా, అందుకే ముందు దాని పని చూడాలి" అని వెళ్ళిపోయింది.

తడితలతో ఒక్కదాన్నే కూర్చున్నాను. చెల్లి చచ్చిపోతుందేమోనని భయం. నన్ను మర్చిపోయారేమోనని అంతకంటే పెద్ద భయం. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి కాసేపు ఊరుకున్నాను. అంతే, అక్క తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చి నా రెప్పలెత్తి చూసింది.

ఇద్దరికీ సూదిమందులు పడ్డాక, సాయంత్రానికి చెల్లి గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని నాయనమ్మ నేల మీద కూలబడి దణ్ణం పెట్టింది.

ఇప్పటికీ నలుగురు పిల్లలున్న చోట నా కళ్ళు కిక్కురుమనని వాళ్ళనే వెతుకుతాయి. అక్క పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను రోజుల తరబడి నోరు విప్పకపోయినా, ఏమైందోనని పరుగెత్తుకొచ్చే మనిషి లేదు.