మర్రిగూడలో నిదానంగా మోగిన పాట

మొన్న మా కల్వకుర్తి వీధిలోంచి ఒక పెళ్ళి బరాత్ పోతుంటే, డీజే దెబ్బకు వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. మా ఇంటావిడ చెవులు మూసుకుని, ఒకప్పుడు ఇదే పని చేసిన నా వంక ఓ చూపు చూసింది. ఆ పాటల పరుగుకు నా ఈడువాళ్ళకు గుండెదడ రావడం ఖాయం గానీ, నాకు మాత్రం మర్రిగూడలో మా అక్క కొడుకు పెళ్ళి గుర్తొచ్చింది.

అసలు నాది మైకుసెట్టు దుకాణం. గుళ్ళకూ పెళ్ళిళ్ళకూ బూర మైకులు కట్టి బతికినవాణ్ణి. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ బూరలను అడిగే నాథుడు లేక, రెండు పెద్ద స్పీకరు డబ్బాలూ ఒక మిక్సరూ ఒక పాత లాప్‌టాపూ కొని, జుట్టు నెరుస్తున్న వయసులో డీజేనయ్యాను. కుర్రకారు నన్ను చూసి నవ్వేవారు, నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చేది.

చిన్నప్పుడు బతుకమ్మ ఆటలో మా అక్క అడుగు చూసి మిగతావాళ్ళు తమ అడుగులు దిద్దుకునేవారు. అలాంటి మనిషి మర్రిగూడకు కోడలిగా పోయింది. అక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుందని మాకేం తెలుసు, నీళ్ళు నీళ్ళే కదా అనుకున్నాం. పత్తి చేలల్లో పని చేస్తూ ఆ నీళ్ళే తాగుతూ, నడివయసు రాకముందే ఆమె మోకాళ్ళు మొరాయించాయి, నడుము బిగుసుకుపోయింది, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది. ఎన్ని దవాఖానలు తిప్పినా లాభం లేకపోయింది. అయినా ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి కుదరగానే ఫోన్ చేసి, "తమ్మీ, నా కొడుకు పెండ్లిల నేను ఒక్క ఆటన్న ఆడాలె. డీజే నువ్వే పెట్టాలె," అంది. మేనమామను, ఎలా కాదంటాను? ఎలా ఆడుతుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

పెళ్ళికొడుకును చేసిన రోజు సాయంత్రం ఇంటిముందు పందిట్లో డబ్బాలు పెట్టాను. నలుగురైదుగురు కుర్రాళ్ళు ఎగిరారు గానీ, మిగతా ఊరంతా కుర్చీలకు అతుక్కుని కూర్చుంది. పాట నచ్చలేదేమోనని ఇంకోటి వేశాను, వినపడలేదేమోనని శబ్దం పెంచాను, హుషారు చాలలేదేమోనని వేగమూ పెంచాను. చివరికి ఆ కుర్రాళ్ళు కూడా ఆయాసపడుతూ పక్కకు పోయారు. ముందు వరుసలో అక్క నన్నే చూస్తోంది. ఇన్నేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందో, నాకు చెమటలు పట్టాయి.

అప్పుడు అక్క అత్తగారు కర్ర పొడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది. "పాట మంచిగనే ఉంది కొడుకా. మా కాళ్ళు గంత ఉరకయి. జర నిదానం చెయ్యరాదూ?" అంది.

ఆ కుర్చీల వంక అప్పుడు సరిగ్గా చూశాను. అందరూ కాళ్ళు చాపుకునే కూర్చున్నారు, వంచడానికి రాక. ఆ ఊళ్ళో సగం మంది మా అక్కలే. డీజే దరువు కలిపిన బతుకమ్మ ఉయ్యాల పాట ఒకటి వేసి, వేగం తగ్గించే మీటను కిందికి లాగాను, ఇంకా లాగాను. పాడే గొంతు నిద్రమత్తులో ఉన్నట్టు సాగింది, ఇంకో డీజే ఎవడైనా వింటే నన్ను కులంలోంచి వెలేసేవాడు. కానీ కుర్చీల్లో ఒక చప్పట మొదలైంది, దానికి ఇంకోటి కలిసింది. కర్రలు పట్టుకుని ఒక్కొక్కరే లేచి, వంగని నడుములతో నేల మీద పాదాలు జరుపుకుంటూ గుండ్రంగా తిరిగారు. కుర్రాళ్ళు కూడా వచ్చి వాళ్ళ మధ్య చేరి అదే నిదానంతో ఆడారు. పాట అయిపోతే మళ్ళీ అదే వెయ్యమన్నారు, మళ్ళీ మళ్ళీ అదే. నా డీజే బతుకులో అంత మెప్పు ముందూ లేదు, తర్వాతా లేదు.

అక్క కూడా లేవబోయింది. చేతులు కుర్చీకి ఆనించి లేవబోయి, మళ్ళీ కూలబడింది. కొడుకు వచ్చి పట్టుకున్నా కాళ్ళు మాట వినలేదు. పాట ఆపేసి ఆమె దగ్గరికి పోదామనుకుంటే, ఆపొద్దని చెయ్యి ఊపింది. మీటను ఇంకొంచెం లాగాను. అది అడుగుకు తగిలింది, ఇక లాగడానికి జాగా లేదు. ఊరంతా ఆడుతుంటే నేను ఆ బల్ల వెనక ఏడుస్తూ నిలబడ్డాను. అక్క కూర్చునే చప్పట్లు కొట్టింది, ఒక్కటీ తాళం తప్పకుండా.

ఇప్పుడు మర్రిగూడలో ఇంటింటికీ ఫ్లోరైడ్ లేని నల్లా నీళ్ళు వస్తున్నాయి. అక్క మనవరాలు, ఆ ఈడు పిల్లలు తిన్నని కాళ్ళతో ఎంత వేగపు పాటకైనా ఎగురుతుంటారు, చూస్తే కడుపు నిండుతుంది. అక్క మాత్రం ఇప్పుడు చేతికర్రతో కూడా గడప దాటడం లేదు. ఆ నీళ్ళేవో ఆమె కోడలిగా అడుగుపెట్టిన నాడే వచ్చి ఉంటేనా అనుకుంటాను. అనుకోవడం తప్ప నేను చేయగలిగింది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.