మైకు పెట్టెలో రెండో లోపం

మావారికి అమలాపురంలో మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టుండేది. మా వీధికి కరెంటు వచ్చి అప్పటికి రెండేళ్లు. కొట్టు వెనకే కాపురం. ఆయన మైకు పెట్టె విప్పినప్పుడల్లా నేనూ పీట వేసుకుని పక్కన కూర్చునేదాన్ని. చూసిచూసి వాల్వేదో, కండెన్సరేదో నాకూ తెలిసిపోయింది.

ఒక వానాకాలం, పెళ్లికి వెళ్లొచ్చిన ఆంప్లిఫయరు పెట్టె మూలగడం మొదలుపెట్టింది. మాట వినబడదు, గుయ్‌మని ఒకటే రొద. లోపల పెద్ద వాల్వు రేకు నిప్పుకణికలా ఎర్రబడింది. మైనం కాలిన వాసన. కొత్త వాల్వు వేస్తే అదీ ఎర్రబడింది. చివరికి ఒక కండెన్సరు పాడైందని తేల్చి, మా ఇంటి రేడియోలోది పీకి అతికారు. రొద ఆగింది. ఆ సాయంత్రమే ఊరి చివర హరికథకు ఆ పెట్టె వెళ్లాలి.

అంట్లు తోమి వచ్చి, తడిచేత్తోనే పెట్టె జరపబోయాను. మోచేతి దాకా సూదులు గుచ్చినట్టయింది.

"ఏవండీ, పెట్టె షాకు కొడతందండీ."

ఆయన అరచెయ్యి ఆనించి చూశారు. "నాకేం తెలీడం లేదే. ఊరికే భయపడ్డావు," అని రిక్షాలో వేసుకుని వెళ్లిపోయారు.

ఆయన నిలబడింది పొడి చెక్కపలక మీదని, అందుకే షాకు తెలియలేదని తరవాత తట్టింది. అప్పటికే జల్లు మొదలైంది. హరిదాసుగారు గజ్జెలు కట్టుకుని ఉత్తికాళ్లతో తడినేల మీద నిలబడతారు. ఈ పెట్టెకు తీగతో తగిలించిన మైకు కడ్డీ పట్టుకుంటారు. పొయ్యి ఆర్పి, రెండు తీగలు బిగించిన టెస్టు బల్బు తీసుకుని పరిగెత్తాను.

పందిరి కింద జనం నిండిపోయారు. దాసుగారు చిడతలు సర్దుకుంటున్నారు.

"బాబూ, ఆ కడ్డీ ముట్టుకోకండి," అన్నాను.

మావారి మొహం మాడిపోయింది. "నలుగురిలో ఏవిటిది?" అన్నారు. ఒక తీగ పెట్టెకు ఆనించి, రెండోది తడిమట్టిలో గుచ్చాను. బల్బు భగ్గున వెలిగింది.

మావారు స్విచ్చు కట్టేసి ప్లగ్గు లాగేశారు.

"మైకు లేకుండా చెబుతానమ్మా. ఆయ్, నా గొంతు చాలు," అన్నారు దాసుగారు. వెనకున్నవాళ్లకు వినబడక ఒక్కొక్కరే లేచిపోయారు. మావారు పెట్టె పక్కన తల వంచుకుని కూర్చున్నారు.

తిరిగొస్తూ దారిలో అన్నారు: "పెళ్లిలో సన్నాయి ఆయన కూడా చెయ్యి జివ్వుమందన్నాడు. నేను నవ్వేసేను."

మర్నాడు పెట్టె విప్పితే కరెంటు తీగ దగ్గర మరో కండెన్సరు పగిలి ఉంది. దానిలోంచే కరెంటు పెట్టె రేకులోకి పాకింది. మొదటి లోపం దొరకగానే వెతకడం మానేసి ఈ రెండోదాన్ని చూడలేదు. ఆయన ఆ పూటే సైకిలెక్కి సన్నాయి ఆయన ఊరు వెళ్లారు. పొద్దువాలాక వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డారు.

"బతికే ఉన్నాడు," అన్నారు. "వేళ్లు మాత్రం ఇంకా సరిగ్గా వంగట్లేదట."