బంతి విసరకముందే

2019 ఏప్రిల్ 13, శనివారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున కురిసిన వాన వెలిసి, ఎండ కాసి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటి వెనక పార్కులో పచ్చిక మీంచి సన్నని ఆవిరి లేస్తోంది. నేను రోజూ నడిచే దారిలో మూడో చుట్టులో ఉండగా అల్యూమినియం బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు వినిపించింది. గిన్నె మీద గరిటె కొట్టినట్టు సన్నగా, ఖంగుమని మోగింది. ఆ వెంటనే, మెట్ల బెంచీల మీద కూర్చున్న ఒక యువకుడు పక్కవాడితో తెలుగులో అన్న మాట: "చెప్పానా? ఆ పిచర్‌ని పోయిన ఇన్నింగ్స్‌లోనే తీసేయాల్సింది. ఈ కోచ్‌కి బుర్ర లేదు." నా కుడిచేయి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళి బాల్‌పెన్ను తీసింది. ముప్పై మూడేళ్ళ కిందటి అలవాటు అది. నేర్పినది కరుణమ్మ గారు.

ఆవిడను ఎరగని పాఠకుల కోసం తెలిసినంతవరకు తెలిసినట్టే రాస్తాను. కరుణమ్మ గారు గుంటూరులో నర్సింగు చదివి 1968లో అమెరికా వచ్చారు. న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో, శస్త్రచికిత్స వార్డులో పనిచేసేవారు. ఆదివారం మధ్యాహ్నాలు తెలుగు ప్రార్థనకు, శనివారాలు బేస్‌బాల్‌కు. ఈ ఆట ఆవిడకు ఎలా పట్టుబడిందో నేను మొదట్లోనే అడిగి తెలుసుకున్నాను. మత్తులోంచి మేలుకున్న రోగులు నొప్పి గురించి అడగడానికి ముందు "మ్యాచ్ ఏమైంది?" అని అడిగేవారట. గెలిచారనో ఓడారనో చెబితే తృప్తి పడేవారు కాదట. అందుకని ఆవిడ విరామ సమయంలో వార్డు రేడియో దగ్గర నిలబడి, స్కోరు పుస్తకంలో ఒక్కొక్క బంతినీ రాయడం నేర్చుకున్నారు. రోగి కళ్ళు తెరిచాక, మంచం పక్కన కూర్చుని, ఆట జరిగిన వరసలోనే చదివి వినిపించేవారు. చివరి ఫలితం ముందుగా చెప్పేవారు కారు.

1986 వసంతంలో మా పేటలోని పదేళ్ళు మొదలు పన్నెండేళ్ళ పిల్లల బేస్‌బాల్ జట్టుకు, ఎవరిని ఎప్పుడు ఆడించాలో నిర్ణయించే మేనేజరు దొరకలేదు. తల్లిదండ్రుల సమావేశంలో అందరూ నేల చూపులు చూస్తున్నప్పుడు కరుణమ్మ గారు చేయి ఎత్తారు. జట్టులో పన్నెండు మంది పిల్లలు. అందరికీ పసుపుపచ్చ టోపీలు. అందులో ఒకరు ఆవిడ కొడుకు, ఒకరు మా అమ్మాయి సుధ. సుధకు అప్పుడు పదకొండేళ్ళు.

నేను ఒక మందుల కర్మాగారంలో తనిఖీ విభాగంలో ఇంజనీరును. మాత్ర బరువు కాగితం మీద ఉంటే నమ్ముతాను, నోటిమాటగా చెబితే నమ్మను. అటువంటివాడిని మెట్ల బెంచీ ఎక్కేసరికి ఏమయ్యానో ఇప్పటికీ ఆశ్చర్యమే. అక్కడ ప్రతి తండ్రీ మేనేజరే. ఫలానావాడిని ముందు పంపాల్సింది, ఫలానా పరుగు ఆపాల్సింది, బంతి విసిరే పిచర్‌ను మార్చాల్సింది. అందరికన్నా పెద్ద గొంతు టామ్‌ది. ఆయనకు హార్డ్‌వేర్ దుకాణం ఉండేది. ఆయన కొడుకు బ్రయన్ మా జట్టులోకల్లా మంచి పిచర్. టామ్ తర్వాత గొంతు నాది. కాలేజీలో క్రికెట్ ఆడినవాడిని కనుక ఈ ఆట కూడా నాకు తెలుసుననే అనుకున్నాను.

ఏప్రిల్ 26న రెండో మ్యాచ్ ఓడిపోయాం. నేను నేరుగా ఆవిడ కారు దగ్గరికి వెళ్ళి, ఎక్కడెక్కడ పొరపాట్లు జరిగాయో వరసగా ఐదు చెప్పాను. ఆవిడ బ్యాట్లు డిక్కీలో సర్దుతూ చివరిదాకా విన్నారు. నాకన్నా రెండేళ్ళు పెద్దవారైనా నన్ను అన్నయ్యగారనే పిలిచేవారు.

"మీరు చెప్పినవన్నీ కరెక్టే కావొచ్చు అన్నయ్యగారూ. కానీ ఇవి ఎప్పుడు అనిపించినయ్యి మీకు?"

"చూస్తున్నప్పుడే."

"బంతి పడకముందా, పడినాకా?"

నేను ఆవిడ చేతిలోని బ్యాటు అందుకుని డిక్కీలో పెట్టాను.

"స్కోరు తెలిసినాక నేనూ చెబుతా, మా అత్తగారూ చెబుతారు. మా వార్డులో పేషెంటుకి ఏం చేయాలనుకున్నామో అప్పుడే, టైం వేసి రాయాలి. తర్వాత రాసింది రాత కింద లెక్కలేదు." అని, ముందు సీటులోంచి గీతల నోటుపుస్తకం ఒకటి, నీలి బాల్‌పెన్ను ఒకటి తీసి ఇచ్చారు. "వచ్చే మ్యాచ్ నుంచి రాయండి. నా బదులు మీరైతే ఏం చేస్తారో రాయండి. బంతి విసరకముందే. పెన్సిల్ వద్దు."

పుస్తకంలోని పేజీలకు ఆవిడే చేత్తో అంకెలు వేసి ఉంచారు. అంటే నేను వస్తానని ముందే తెలుసునన్నమాట. మ్యాచ్ అయ్యాక ఆవిడ కారు బానెట్ మీద పుస్తకం పెట్టి, మా ఇద్దరి నిర్ణయాలూ వేరైన చోట్ల గుర్తులు వేసేవాళ్ళం. ఆవిడ చేసింది ఫలిస్తే గుర్తు ఆవిడకు; ఫలించకపోతే నాకు. నేను చెప్పినట్టు చేసినా ఓడేవాళ్ళమేమో ఎవరికీ తెలియదు కనుక, ఈ పద్ధతి నాకే అనుకూలమని మొదటి రోజే ఒప్పుకున్నాను.

అయినా మే 17న తప్పు చేశాను. ఆ రోజు జట్టులోకెల్లా చిన్నవాడు బ్యాటు పట్టాడు. వాడు బంతిని బలంగా కొట్టలేడు, మెల్లగా తాకించి పరుగెత్తాలని పుస్తకంలో రాశాను. రాసి ఊరుకోక టామ్‌కు గట్టిగా చెప్పాను. కరుణమ్మ గారు వాడిని కొట్టనిచ్చారు. బంతి కుడివైపు కంచె దాకా వెళ్ళింది. ఇద్దరు పరుగులు తీశారు. టామ్ నావైపు తిరిగి, "మూర్తీ, ఆ మాట పుస్తకంలో కూడా ఉందా?" అని నవ్వాడు. ఆయన అటు తిరగ్గానే ఆ పేజీ చించి జేబులో పెట్టుకున్నాను.

కారు దగ్గర ఆవిడ పేజీలు తిప్పుతూ ఆగారు. "ఇరవై రెండు అయినాక ఇరవై నాలుగు వచ్చిందేందండీ?"

"చిరిగిపోయింది."

"దానంతటదే చిరిగిందా?"

నలభై నాలుగేళ్ళ మనిషిని, ముప్పై మంది ఇన్‌స్పెక్టర్ల మీద అధికారిని, జేబులోంచి ఆ కాగితం తీసి ఇచ్చాను. ఆవిడ అందుకున్నారు. చేతిసంచీలోంచి ఆసుపత్రిలో గాయాలకు వేసే తెల్లటి అంటుపట్టీ చుట్ట తీసి, పేజీని దాని చోట ఆనించి, పైనుంచి కిందిదాకా సాపుగా అంటించారు. "తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి. కింద ఏం రాశారో కనబడాలి. సరేనా? ఇంక పోయి పిల్లకి అన్నం పెట్టండి, ఆకలేస్తన్నట్టుంది."

జూన్ 7న జరిగింది వేరు. లీగులో అగ్రస్థానంలో ఉన్న జట్టుతో ఆట. పిల్లల ఆటలో ఆరు ఇన్నింగ్సులు. ఆఖరి ఇన్నింగ్సు వచ్చేసరికి మాకు మొత్తం నాలుగు పరుగులు, వాళ్ళకు మూడు. బ్రయన్ బంతులు విసురుతున్నాడు. ఉదయం 11 గంటల 50 నిమిషాలకు కరుణమ్మ గారు మైదానంలోకి నడిచి వెళ్ళి, వాడి భుజం మీద చేయి వేసి, వాడిని బెంచీకి పంపి, వేరే పిల్లవాణ్ణి పిలిచారు. మెట్ల బెంచీల మీద అరుపులు లేచాయి. మూడు బంతుల తర్వాత వాళ్ళు రెండు పరుగులు తీశారు. 5-4తో ఓడిపోయాం.

ఆదివారం సాయంత్రానికి టామ్ ఐదు కుటుంబాల సంతకాలు కూడగట్టాడు. ఇంకా రెండు మ్యాచ్‌లు ఉండగానే మేనేజరును మార్చాలని లీగుకు అర్జీ. జూన్ 10, మంగళవారం సాయంత్రం ఆరున్నరకు పాఠశాల భోజనశాలలో సమావేశం. లీగు అధ్యక్షుడు పొడవాటి బల్ల చివర కూర్చున్నాడు. కరుణమ్మ గారు ఆసుపత్రి నుంచి నేరుగా, తెల్ల బూట్లతోనే వచ్చి, వెనక వరసలో కూర్చున్నారు.

టామ్ మాట్లాడాడు. "ఆవిడ మంచి మనిషే. నేను కాదనను. కానీ ఆట తెలియదు. ప్రతిసారీ తప్పే. నా మాట వద్దు, ఈయన పుస్తకం ఉంది. తారీకు, టైం అన్నీ ఉన్నాయి. మూర్తీ, శనివారానిది చదువు."

నేను లేచి చదివాను. "జూన్ 7. 11:50. పిచర్‌ను మార్చకూడదు. నా నిర్ణయం ఇది. ఆవిడ మార్చారు. ఓడాం. గుర్తు నాకు." కొందరు బల్ల మీద చరిచారు. టామ్ రెండు చేతులూ చాచి, ఇంకేం కావాలన్నట్టు అందరినీ చూశాడు.

నేను కూర్చోలేదు. "ఇటువంటివి ఇంకా యాభై ఆరు ఉన్నాయి. ఒకటి చదివి మిగతావి చదవకపోతే అది లెక్క కాదు," అన్నాను. అధ్యక్షుడు చదవమన్నాడు. మొత్తం చదవడానికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. మా ఇద్దరి అభిప్రాయాలూ వేరైన సందర్భాలు యాభై ఏడు. ఆవిడకు ముప్పై ఎనిమిది, నాకు పందొమ్మిది. మూడింట రెండు సార్లు, బంతి విసరకముందు నేను తప్పు. విసిరాక మాత్రం మేమందరం ప్రతిసారీ ఒప్పే.

అధ్యక్షుడు పుస్తకం తీసుకుని తిరగేసి, ఒక చోట వేలు పెట్టాడు. "ఈ పట్టీ ఏమిటి?"

"నేను తప్పు రాసిన పేజీ. సిగ్గుపడి చించేశాను. ఆవిడ మళ్ళీ అతికించారు."

భోజనశాలలో ఎవరో నవ్వారు, ఆ తర్వాత చాలామంది నవ్వారు. టామ్ నవ్వలేదు. కుటుంబానికి ఒక ఓటు చొప్పున చేతులెత్తారు. పన్నెండులో ఆవిడ ఉండాలన్నవి తొమ్మిది. నా జీవితంలో నాకు చాలా ప్రశంసాపత్రాలు వచ్చాయి. నా తప్పులు నేనే గట్టిగా చదివి, ఆ తొమ్మిది చేతులు చూసినప్పుడు కలిగినంత గర్వం వాటిలో దేనికీ కలగలేదు.

బయట కారు దగ్గర అడిగాను. "బ్రయన్‌ను ఎందుకు తీశారో మీరు చెప్పనే లేదు."

"వాడి మోచెయ్యి దిగిపోతా ఉందండీ. విసిరిన ప్రతిసారీ పెదవి కొరుక్కుంటన్నాడు. పన్నెండేళ్ళ చెయ్యి అది. మ్యాచ్ శనివారంతో అయిపోద్ది, చెయ్యి అయిపోదుగా. వాళ్ళమ్మకి అప్పుడే చెప్పాను, డాక్టర్‌కి చూపించమని."

"మరి ఆ మాట లోపల చెప్పి ఉంటే ఓటింగే ఉండేది కాదు."

"పదిమందిలో పిల్లోడి చెయ్యి గురించి ఎట్లా మాట్లాడతానన్నయ్యగారూ? నా వార్డులో పేషెంటు గురించి అట్లా మాట్లాడతానా?"

ఆ పందొమ్మిదిలోంచి జూన్ 7 నాటి గుర్తు కొట్టేస్తానన్నాను. ఒప్పుకోలేదు. "ఓడింది ఓడిందే. అట్లాగే ఉండనియ్యండి."

జూన్ 21, శనివారం, ఆఖరి మ్యాచ్. ఆకాశం మబ్బుగా ఉంది, గాలి లేదు. బ్రయన్ చేతికి పట్టీతో బెంచీ మీద కూర్చుని అరుస్తున్నాడు. ఆఖరి ఇన్నింగ్సు రెండో సగం, 5-5. మా వాళ్ళు ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకరైతే ఇన్నింగ్సు ముగుస్తుంది; మూడు బేసుల మీదా, అంటే పరుగు దారిలోని మూడు మజిలీల మీదా, మావాళ్ళే. బ్యాటింగు సుధది. ఆ సీజనులో అప్పటికి సుధ ముప్పై ఒక్కసార్లు బ్యాటు పట్టి నాలుగుసార్లే బంతిని కొట్టింది. బెంచీ మీద కెవిన్ అనే గట్టి హిట్టరు ఉన్నాడు. అంకెలు నా ముందున్నాయి. పుస్తకం తెరిచి రాశాను: "11:42. సుధను తీసి కెవిన్‌ను పంపాలి."

కరుణమ్మ గారు సుధ హెల్మెట్ సర్ది ఏదో చెప్పి వదిలిపెట్టారు. ఈ ఆటలో బ్యాటుకు అందని చెడ్డ బంతులు నాలుగు పడితే, కొట్టకపోయినా ఒక బేసు ఇస్తారు. బేసులన్నీ నిండి ఉంటే ఒక పరుగు వస్తుంది. సుధ నిలబడింది. ఒకటి దూరంగా పోయింది. రెండు మంచివి పడ్డాయి, చూస్తూ ఊరుకుంది; మూడోది వదిలితే అవుటు. నా పక్కన టామ్, "కొట్టమ్మా!" అని అరిచాడు. తర్వాత రెండు నేల మీద పడ్డాయి. ఆఖరిది మోకాళ్ళ కిందికి వచ్చింది. సుధ బ్యాటు కదలలేదు. అంపైరు మొదటి బేసు వైపు చేయి చూపించాడు. ఒక్కసారి కూడా బ్యాటు ఊపకుండా మా అమ్మాయి మ్యాచ్ గెలిపించింది.

బానెట్ దగ్గర అడిగాను, ఏ లెక్కన ఉంచారని. "ఆ పిచర్ అలసిపోయి బంతులు ఎటంటే అటు వేస్తన్నాడు. కెవిన్ అయితే ప్రతిదానికీ ఊపుతాడు. సుధ తొందరపడదు. మీ లెక్కలో కొట్టినవి ఉన్నయ్యి, వదిలేసినవి లేవండీ."

నా భుజం మీంచి సుధ పుస్తకంలోకి తొంగి చూసింది. "డాడీ, నన్ను తీసేద్దామనుకున్నావా?"

"అవును. 11:42కి."

"రియల్లీ? రాసి మరీనా?"

"రాసి మరీ."

సుధ నా చేతిలోంచి పెన్ను లాక్కుని, కరుణమ్మ గారి వరసలో తనే ఒక పెద్ద గుర్తు వేసి, టైం కూడా రాసింది.

ఆ తర్వాత మా విభాగంలో, పరీక్ష ఫలితం చూడకముందే ఎవరి అంచనా వారు తారీకుతో రాయాలనే నియమం పెట్టాను. నేను పదవీ విరమణ చేసేదాకా అది నడిచింది. కరుణమ్మ గారు కొడుకు దగ్గరికి కాలిఫోర్నియాలోని డబ్లిన్‌కు వెళ్ళిపోయారు. 2011లో అక్కడే కన్నుమూశారు. ఆవిడ అంత్యక్రియలకు పుస్తకం వెంట తీసుకుని వెళ్ళాను. అక్కడ మాట్లాడమంటే ఆవిడ పట్టీ వేసి అతికించిన ఇరవై మూడో పేజీ చదివాను.

ఆ శనివారం పార్కులో బెంచీ మీది యువకుడి దగ్గరికి వెళ్ళి, నా జేబులోని పెన్ను ఇచ్చాను. "తర్వాతి బంతికి ఏం చేయాలో ఇప్పుడు రాయండి," అన్నాను. "ఎందుకు అంకుల్?" అన్నాడు, కానీ తీసుకున్నాడు. నేను నాలుగో చుట్టు మొదలుపెట్టాను.

పుస్తకం నా బల్ల మీద ఉంది. ఎనిమిది మ్యాచ్‌లు, అరవై ఒక్క సందర్భాలు. కరుణమ్మ గారికి నలభై ఒకటి. నాకు ఇరవై. నలభై ఒకటో గుర్తు మా అమ్మాయి చేతిరాతలో ఉంది.